పురిటి గుడ్డల బకెట్

పయ్యన్నూరు,
వృశ్చిక మాసం 12

శిశిరకు,

నేను పంపిన పెట్టె తిరిగి వచ్చింది. పార్సిల్ ఆఫీసు మనిషి దాన్ని వసారాలో దించి, "మేడమ్, అక్కడ తీసుకోలేదట" అన్నాడు. పెట్టె మీద నీ దస్తూరీలో 'అక్కర్లేదు' అని ఉంది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసినదాన్ని నేను. కారణం రాయకుండా తిప్పి పంపిన కాగితాన్ని ఏనాడూ ఒప్పుకోలేదు. పెట్టెనూ ఒప్పుకోను.

ఫోన్ చేశాను. "మాళుకి ఇక గుడ్డలే కడుతున్నాను అమ్మమ్మా, డైపర్లు మానేశాం" అన్నావు. ఎందుకు అని అడిగితే నసిగావు. ఎవరు చెప్పారు అని అడిగితే పెట్టేశావు. ఫోన్‌ను మధ్యలో పెట్టెయ్యవచ్చు. ఉత్తరాన్ని అలా చెయ్యలేవు, చివరిదాకా చదవాలి. అందుకే రాస్తున్నాను. నువ్వు కూడా రాసే జవాబు చెప్పు.

నా మునిమనవరాలు పుట్టిన రోజు నుంచి ఈ ఎనిమిది నెలలూ డైపర్లు నేనే పంపాను. నీ భర్తకు స్తోమత లేకనో, మీ అత్తగారు కొననన్నందుకో కాదు. మన ఇంటి ఆడపిల్ల బాలింతగా ఉన్నప్పుడు మురికి గుడ్డ మీద చెయ్యి పెట్టకూడదని నేను చాలా కాలం కిందట నిర్ణయించుకున్నాను. మీ అమ్మ పుట్టినప్పుడు డైపర్లు లేవు. అప్పుడు జీతమిచ్చి పనిమనిషిని పెట్టుకున్నాను, వీలైనప్పుడు మిషన్ కొన్నాను. నువ్వు పుట్టినప్పుడు దుబాయి నుంచి వచ్చేవాళ్ళ చేత తెప్పించాను. ఇప్పుడు వీధి చివర దొరుకుతుంటే వద్దంటావా?

పెట్టె వసారాలోనే ఉంది. విప్పలేదు. నీ జవాబు చూసి మళ్ళీ పంపుతాను.

కార్త్యాయని


వైపిన్,
వృశ్చికం 17

ప్రియమైన అమ్మమ్మా,

కారణం రాయమన్నావుగా, రాస్తాను. నువ్వు నవ్వకపోతే చాలు.

ఇక్కడ ఇళ్ళ నుంచి ప్లాస్టిక్ తీసుకెళ్ళే ఆడవాళ్ళు నెలకోసారి వస్తారు. పాల కవర్లు, మందు సీసాలు పుచ్చుకుంటారు. డైపర్ కనబడగానే సంచీ మూతి బిగించేస్తారు. "అది మాకొద్దు చేచ్చీ, కాల్చినా కాలదు" అని అక్కని బతిమాలినట్టు అంటారు. చాలామంది మూట కట్టి వంతెన మీంచి కాలవలోకి విసిరేస్తారు. మా అత్తగారు అలాంటి పని చెయ్యరు, ఆవిడ శుభ్రం మనిషి. పైగా ఆవిడకొక ఆలోచన వచ్చింది. "ఎన్ని నీళ్ళు పోసినా పట్టి ఉంచుతుంది కదా, కొబ్బరికి ఇంతకన్నా ఏం కావాలి?" అన్నారు. పాదులు తెరిచి బూడిదా ఉప్పూ వేస్తాం చూడు, అలాగే డైపర్లు వేయించి మట్టి కప్పించారు. మాళు పుట్టినప్పటి నుంచీ నువ్వు పంపినవన్నీ మా పెరట్లో చెట్ల కిందే ఉన్నాయి.

ఈ నెల మొదట్లో పోటు వచ్చింది. ప్రతి వృశ్చికంలోనూ సముద్రం మా వెనక కాలవలోంచి కాస్త తొంగి చూసి పోయేదే. ఈసారి వంటింటి గడప దాటింది. తెల్లారి తలుపు తీస్తే పెరడంతా తెల్లగా ఉంది. ఒక్కోటి తలగడంత ఉబ్బి, పాదుల్లోంచి లేచి తేలుతున్నాయి. ఒకటి తులసికోట చుట్టూ ప్రదక్షిణాలు చేస్తోంది. అప్పుడే కంచె అవతల నుంచి పక్కింటి రోసిలి చేచ్చి అత్తగారిని కేక వేసింది. "రాధామణి చేచ్చీ! మీ కొబ్బరికాయలు మా వంటింట్లోకి వచ్చాయి, కోసుకెళ్ళండి!"

అత్తగారి మొహం చూడాల్సింది. రెండు రోజులు గెడకర్రతో తోడాం. కొన్ని చిట్లి, సగ్గుబియ్యం జావలా గడ్డి నిండా అంటుకున్నాయి. వాషింగ్ మిషన్‌లోకి ఉప్పునీళ్ళు వెళ్ళి అది చచ్చిపోయింది. తోడినవి బస్తాల్లో కట్టి డాబా మీద పెట్టాం. వాటిని ఎక్కడ పడెయ్యాలో మా ఆయన అభియేట్టన్‌కీ తెలియదు, పంచాయతీ వాళ్ళకీ తెలియదు. గుడ్డలు ఆరవేయడానికి పైకెళ్ళినప్పుడల్లా అవి నా వంక చూస్తుంటాయి.

ఆ బస్తాల్లోకి నా కూతురివి ఇక ఒక్కటి కూడా చేరకూడదనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను. "నీ సంగతి నువ్వు తేల్చుకో, ఇంకొకరు తేల్చేదాకా కూర్చోకు" అని చిన్నప్పటి నుంచీ నా చెవిలో పోసింది నువ్వే. తేల్చుకున్నాను.

ఇప్పుడొక సాయం కావాలి. బజారులో దొరికే గుండీల గుడ్డలు నాలుగు తెచ్చాను కానీ ఇక్కడి చెమ్మకి అవి రెండు రోజులైనా ఆరవు. పాత పంచె చింపి కడితే గంటలో ఆరుతోంది. మరకే పోవడం లేదు. ముత్తవ్వ ఏం చేసేది? నీకు తెలుసు కదా.

మాళు రెండు పళ్ళతో నీ ఫోటోని కొరికింది.

నీ శిశిర


పయ్యన్నూరు,
వృశ్చికం 22

శిశిరకు,

నవ్వాను. ఒప్పుకుంటున్నాను. ఆ తర్వాత నువ్వడిగిన సాయం చదివి నవ్వు ఆపాను.

నాకు తెలుసు కదా అన్నావు. తెలుసు. చెప్పను.

మా అమ్మ చిరుతేయి ఏం చేసేదో నీకు కథలాగా వినాలని ఉంది. ఇది విను. ఈ చుట్టుపక్కల పెద్ద ఇళ్ళలో ఎవరు పురుడు పోసుకున్నా, నెత్తుటి గుడ్డలూ పసిపిల్ల గుడ్డలూ మూట కట్టి పెరటి గడప బయట పెట్టేవాళ్ళు. చేత్తో కాదు, కర్రతో తోసేవాళ్ళు. మా అమ్మ వంగి తీసుకునేది. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, చాకలిదానా అన్నట్టు 'వణ్ణాత్తి' అనే కేక వేసేవాళ్ళు. ఉతికి మడత పెట్టి తెచ్చిన గుడ్డను మాట్టు అనేవాళ్ళు. మా అమ్మ చేతి మాట్టు కట్టుకుంటేనే ఆ ఇంటి బాలింతకు మైల పోయి వంటింట్లోకి అడుగు పెట్టే వీలుండేది. ఆ గుడ్డ ఇచ్చిన మనిషి మాత్రం అదే వంటింటి నీడ కూడా తొక్కకూడదు.

తుల నెల వస్తే మా నాన్న తెయ్యం కట్టేవాడు. ముఖాన రంగు పడి, తలకు కిరీటం ఎక్కాక, అదే ఇంటి యజమాని ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడి కష్టాలు చెప్పుకునేవాడు. మా నాన్నకు ఏడాదిలో కొన్ని రోజులైనా దేవుడి వేషం ఉండేది. మా అమ్మకు ఏ వేషమూ లేదు. ఆవిడ వేళ్ళ సందులు ఎప్పుడూ తెల్లగా పాసి ఉండేవి. అన్నం కలుపుకుంటే మండుతుందని ఆకుతో తినేది.

నా చేతులు కలం పట్టాయి. మీ అమ్మ చేతులు సూది మందు పట్టాయి. నీ చేతులు ఇళ్ళ నక్షాలు గీస్తాయి. ఇంత దూరం వచ్చింది మళ్ళీ బండ దగ్గర గొంతుక్కూర్చోవడానికి కాదు. అందులోనూ ఆ ఇంట్లో. నీ పెళ్ళినాడు మీ అత్తగారి వైపు వాళ్ళు "మేం అలాంటివి పట్టించుకోం, మీ అమ్మాయిని మాలో కలుపుకున్నాం" అన్నప్పుడు నేనేమన్నానో మరిచిపోయావా? "మా అమ్మాయి కూడా మిమ్మల్ని ఒప్పుకుంది, గుర్తుంచుకోండి" అన్నాను.

ఒక్క ప్రశ్న. ఒక్క వాక్యంలో జవాబు రాయి. ఆ గుడ్డలు ఉతుకుతున్నది ఎవరు?

కార్త్యాయని


వైపిన్,
ధనుస్సు 3

ప్రియమైన అమ్మమ్మా,

ఆలస్యమైంది, కోప్పడకు. ఇంట్లో సందడి. అభియేట్టన్ చెల్లెలు ఆతిరకి ఆడపిల్ల పుట్టింది. పురిటికి ఇక్కడికే వచ్చింది కదా, ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చేశాం. పిల్ల గుప్పెడంత ఉంది, గొంతు మాత్రం పడవ సైరనంత ఉంది. అత్తగారు రోజంతా వేపాకు నీళ్ళు కాచడం, ఆతిరకి లేహ్యం తినిపించడం, ఆతిర "చాలమ్మా, నోరంతా చేదు" అని ఏడవడం. మాళుకి ఈర్ష్య. చిన్నదాన్ని చూసినప్పుడల్లా నా ఒళ్ళోకి పాకి వచ్చి కూర్చుంటోంది.

నీ ప్రశ్నకి ఒక్క వాక్యంలో జవాబు: మిషన్ ఉతుకుతోంది.

మడతలు నేర్చుకున్నాను. ముందు త్రికోణంగా వేసి, కొన కిందనుంచి పైకి తీసి మొలతాడులో దోపితే జారడం లేదు. మాళు ఒంటి మీద ఎర్ర దద్దుర్లు ఉండేవి చూడు, ఒక్కటీ లేదిప్పుడు. దానికి గుడ్డే నచ్చింది అమ్మమ్మా. తడవగానే చెబుతుంది. డైపర్ ఉన్నప్పుడు పొద్దున్న కడితే సాయంత్రం దాకా దాని ఊసే ఎత్తేది కాదు, ఇప్పుడు "అమ్మే!" అని అధికారం చలాయిస్తోంది. నీ పోలికే.

ఆఫీసులో సెలవు ఇంకో నెల పొడిగించాను. ఏమీ లేదు, చలి కదా అని.

శిశిర


పయ్యన్నూరు,
ధనుస్సు 8

శిశిరకు,

వృశ్చికం 17 నాటి నీ ఉత్తరంలో, ఉప్పునీళ్ళు వెళ్ళి మిషన్ చచ్చిపోయిందని రాశావు. ధనుస్సు 3 నాటి ఉత్తరంలో అదే మిషన్ గుడ్డలు ఉతుకుతోంది. కొత్తది కొన్నట్టు గానీ, పాతది బాగుచేయించినట్టు గానీ ఎక్కడా లేదు. రెండు ఉత్తరాలూ నా ముందున్నాయి.

వైపిన్‌లో చలి ఉండదు. ఏ ధనుస్సులోనూ ఉండలేదు.

నేను అడిగిన ప్రశ్న అలాగే ఉంది.

కార్త్యాయని


వైపిన్,
ధనుస్సు 13

అమ్మమ్మా,

నేనే ఉతుకుతున్నాను.

మాళువి ఉతకడం నాకు కష్టంగా లేదు. ఒట్టు. నా పిల్ల, నా నిర్ణయం. పొద్దున్నే బావి దగ్గర పావుగంట. అభియేట్టన్ నీళ్ళు తోడి పెట్టేవాడు. మొదటి మూడు వారాలూ అంతే, హాయిగా ఉంది. మరక పోయే ఉపాయం నువ్వు చెప్పకపోయినా చేసి చూసి పట్టుకున్నాను.

ఆతిర వచ్చాక అత్తగారు మా గుడ్డలు చూశారు. డాబా మీద వరసగా, తెల్లగా ఆరుతున్నాయి. ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. "అరె, మరక అన్నది లేదే! ఆతిర పిల్లకి కూడా ఇవే కడదాం, డైపర్ల గొడవ మళ్ళీ ఎందుకు" అన్నారు. నేను సంతోషించాను అమ్మమ్మా! ఒక మనిషిని నా దారికి తెచ్చానని గర్వపడ్డాను కూడా. మర్నాడు పొద్దున్న బావి గట్టు మీద నా బకెట్ పక్కన ఇంకో బకెట్ ఉంది. నెత్తుటి గుడ్డలు కూడా ఉన్నాయి అందులో. ఆతిరవి.

"అమ్మా, ఇవి?" అన్నాను.

"నీ చెయ్యి పడితేనే పోతాయి మోళే. మేం ఎంత రుద్దినా అంత తెలుపు రాదు. మీకది రక్తంలోనే ఉంది" అన్నారు.

కోపంగా అనలేదు. నవ్వుతూ, సొంత కూతుర్ని పిలిచినట్టు 'మోళే' అంటూ, నా గడ్డం పట్టుకుని మరీ అన్నారు. చెయ్యి ఎత్తి కొడితే ఏం చెయ్యాలో తెలుసు. ముద్దు చేస్తూ అంటే ఏం చెయ్యాలో నువ్వు నాకు నేర్పలేదు.

అభియేట్టన్‌కి చెప్పాను. "అమ్మ నిన్ను మెచ్చుకుంటే అందులో తప్పులు వెతుకుతావేంటి? ఆవిడకి అలాంటి ఉద్దేశమే ఉండదు" అన్నాడు. అప్పటి నుంచి నీళ్ళు తోడటం కూడా మానేశాడు. అలిగాడు.

మొన్న ఆతిరని చూడటానికి ఎవరో వచ్చారు. నేను బండ దగ్గర ఉన్నాను. "మీ అదృష్టం రాధామణీ, ఈ రోజుల్లో ఇలాంటి మనిషి దొరకడం" అంది వచ్చినావిడ. పనిమనిషి అనుకుంది. అత్తగారు "మా కోడలు" అని చెప్పలేదు. "ఆ, బాగా ఉతుకుతుంది" అన్నారు. అంతే.

నువ్వు ఏం రాస్తావో తెలుసు. డైపర్లు కట్టు, బకెట్ల గొడవే ఉండదు అంటావు. కట్టను. మానేస్తే "చూశావా, నెల్నాళ్ళకే మోజు తీరింది" అంటారు. అదీ పోనీ. ఆ బస్తాలు ఇంకా డాబా మీదే ఉన్నాయి. నా నిర్ణయం తప్పు కాదు. తప్పు కానిదాన్ని ఎందుకు వదులుకోవాలి? కానీ ఈ రెండో బకెట్‌ని ఎలా దించుకోవాలో నాకు తెలియడం లేదు. అందుకే సెలవు పొడిగించాను. ఆఫీసుకి వెళ్తే "పిల్ల గుడ్డలు ఎవరు చూస్తారు" అన్నారు అత్తగారు. పిల్ల ఎవరు చూస్తారని కూడా కాదు.

ఈ నెల 26న ఆతిర పిల్లకి ఇరవై ఎనిమిదో రోజు. మొలతాడు కట్టే వేడుకకి బంధువులంతా వస్తారు. ఆ రోజుకి గుడ్డలన్నీ పాలలా ఉండాలని ఇప్పటి నుంచే చెబుతున్నారు.

శిశిర


పయ్యన్నూరు,
ధనుస్సు 17

శిశిరా,

గుడ్డ మానకు.

ఈ మాట నా చేత్తో రాస్తానని అనుకోలేదు. గుడ్డ నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. నా అభిప్రాయం ఒక్క అక్షరం కూడా మారలేదు. అయినా అది నువ్వు నీ కారణంతో తీసుకున్న నిర్ణయం, కారణం కూడా సరైనదే. దాన్ని ఇంకొకరి నోటి మాటకు భయపడి వదిలితే, ఆ తర్వాత నీ ఉద్యోగం వదలమంటారు, అదీ వదులుతావు. గుడ్డ ఉంచుకో. బకెట్ వదులు.

నిన్ను అక్కడి నుంచి రమ్మని అనను. మీ అత్తగారికి నేను రాయను. రాయడం చేతకాక కాదు. నేను రాస్తే ఆవిడ నాకు జవాబు చెబుతుంది. ఆవిడ జవాబు చెప్పవలసింది నీకు.

ఎలా దించుకోవాలో తెలియదన్నావు. మా అమ్మ సంగతి సగమే చెప్పాను. మిగతా సగం మీ అమ్మకు కూడా చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఉతికిన సంగతి చెప్పాలి. దాన్ని దాచడంలోనే నా వయసంతా గడిచింది.

నాకు ఏడేళ్ళప్పుడు అమ్మ నన్ను బడిలో వేసింది. బడికి దారి పెద్ద ఇంటి ముందు నుంచే. నేను పలక చంకన పెట్టుకుని వెళ్తుంటే ఆ ఇంటి పెద్దావిడ చూసింది. అమ్మ మూట తీసుకోవడానికి వెళ్ళినప్పుడు, "నీ కూతురు చదివితే రేపు మా గుడ్డలు ఎవరు ఉతుకుతారే? దాన్ని రేవుకి తీసుకెళ్ళు, పని నేర్పు. రేపటి నుంచి ఆ పలక మా వాకిట్లో కనబడకూడదు" అంది. అమ్మ మూట ఎత్తుకుని వచ్చింది.

ఆ ఇంట్లో అప్పుడు చిన్న కూతురికి పురుడు. అమ్మ గుడ్డలు ఉతికింది. ఎప్పటికన్నా బాగా ఉతికింది. మడత పెట్టి మా గుడిసెలో దండెం మీద పెట్టింది. మైల తీరవలసిన రోజు వచ్చింది, అమ్మ కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. బాలింత బయటి గదిలోనే ఉంది. ఆ వారమే కావు గుడిలో తెయ్యం, మొదటి దీపం ఆ ఇంటివాళ్ళే వెలిగించాలి. మైల ఉంటే వెలిగించరాదు. పక్క ఊరి వణ్ణాత్తి దగ్గరికి మనిషిని పంపారు. ఒకరి హద్దులోకి ఇంకొకరు మాట్టు తీసుకెళ్ళకూడదన్నది మా వాళ్ళ కట్టుబాటు. ఆమె రానంది. చివరికి యజమానే మా రేవు దాకా నడిచి వచ్చాడు. గట్టు మీద నిలబడి, "గుడ్డ తీసుకురావే" అన్నాడు. అమ్మ తలెత్తకుండా, "పిల్ల బడి నుంచి వచ్చాక తెస్తానండి" అంది.

ఆయన నా వైపు చూశాడు. నేను అక్కడే, అమ్మ వెనకాల నిలబడి ఉన్నాను. వాళ్ళ మాటతో నేను బడికి వెళ్ళడం ఆగిపోయింది కదా. ఆయనకు అర్థమైంది. మర్నాడు నేను పలక పట్టుకుని ఆ వాకిటి ముందు నుంచే వెళ్ళాను. సాయంత్రం అమ్మ గుడ్డ పట్టుకెళ్ళింది.

నీ రక్తంలో ఏముందో మీ అత్తగారికి తెలియదు. నీకైనా తెలియాలి.

కార్త్యాయని


వైపిన్,
ధనుస్సు 29

ప్రియమైన అమ్మమ్మా,

ఇరవై ఎనిమిదో రోజు వేడుక అయింది. వరసగా రాస్తాను, ఒక్క మాట కూడా వదలకుండా.

ముందు రోజు అత్తగారికి చెప్పాను. "అమ్మా, మాళువి నేను ఉతుకుతాను. పాపవి ఉతకను." ఆవిడ నవ్వి, "అలాగే అలాగే, రేపటి వేడుక అయిపోనీ" అన్నారు. వేళాకోళం అనుకున్నారు. ఇంకోసారి చెప్పాను. "ఒంట్లో బాగాలేదా?" అన్నారు. "బాగానే ఉంది" అన్నాను. ఆవిడ నమ్మలేదు. బకెట్ నిండింది. నేను ముట్టలేదు.

26 పొద్దున్న డాబా మీద మాళు గుడ్డలు మాత్రమే ఆరుతున్నాయి. బంధువులు వచ్చేస్తున్నారు. అత్తగారు పట్టు అంచు చీరలో పైకీ కిందకీ తిరుగుతున్నారు. "పాప గుడ్డలేవీ?" "బకెట్లో ఉన్నాయమ్మా." "బకెట్లోనా! ఇప్పుడు ఏం కట్టాలి దానికి?" "మాళువి కట్టండి, నేను కాదనను" అన్నాను. అవి పాప నడుముకి రెండు చుట్లు వచ్చి జారిపోయాయి.

అభియేట్టన్‌ని డైపర్ల కోసం పరుగెత్తించారు. వైపిన్ పొడుగునా బండి మీద తిరిగి, ఖాళీ చేతుల్తో వచ్చాడు. ముందు రోజు ఎక్కడో రెండు పార్టీల వాళ్ళు కొట్టుకున్నారట, ఆ పొద్దున్నే హర్తాళ్ ప్రకటించి షాపులు మూయించారు. మందుల షాపు తెరిచే ఉంది కానీ అందులో పెద్ద పిల్లల సైజే ఉంది. రోసిలి చేచ్చి కంచె మీంచి, "మీ డాబా మీద బస్తాలు బస్తాలు ఉన్నాయి కదా, ఒకటి దులిపి కట్టండి!" అంది.

ముహూర్తం అయిపోతోందని అలాగే పాపని తీసుకెళ్ళి పెద్దమామ ఒళ్ళో పెట్టారు. ఆయన నల్లతాడు నడుము చుట్టూ తిప్పి ముడి వేస్తున్నాడు, పాప పని కానిచ్చింది. ఆయన జరీ పంచె, కింద తివాచీ, పక్కన పెట్టిన పూల పళ్ళెం. ఆయన చేతులు పైకెత్తి, "ఏంటి రాధామణీ ఇది? ఇంట్లో ఇంతమంది ఆడవాళ్ళున్నారు, పిల్లకి ఒక పొడి గుడ్డ లేదా?" అని అరిచాడు.

అత్తగారు అందరిలో నన్ను చూపించారు. "నన్నెందుకంటావు? అది ఉతకనంది."

అందరూ నా వైపు తిరిగారు. "నా పిల్లవి ఉతికాను" అన్నాను. "పాపవి ఈ ఇంట్లో ఎవరైనా ఉతకొచ్చు."

"నీ చేతికి వచ్చినట్టు మాకు వస్తుందా?" అన్నారు అత్తగారు. అందరి ముందూ. "అది వాళ్ళ రక్తంలోనే ఉంది, నేను మెచ్చుకునే అన్నాను కదా!"

"అది రక్తంలో లేదమ్మా" అన్నాను. "సబ్బులో ఉంది. చల్లనీళ్ళలో నానబెట్టి, సబ్బు రాసి, ఎండలో పరిస్తే ఎవరి రక్తానికైనా పోతుంది."

ఎవరో వెనకాల కిసుక్కున నవ్వారు. ఆతిర అనుకుంటాను. ఆతిర లేచి నిలబడింది. "బకెట్ ఎక్కడుందో చెప్పు వదినా, నా పిల్లవి నేను ఉతుక్కుంటాను" అంది. ముసలివాళ్ళంతా ఒక్కసారిగా, "బాలింత! చన్నీళ్ళు ముట్టకూడదు!" అని మీద పడ్డారు. ఆ తర్వాత అందరూ ఒకరినొకరు చూసుకున్నారు. పట్టుచీరలు, జరీ పంచెలు. ఒక్కరూ కదల్లేదు.

అభియేట్టన్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఆయన వైపు తిరిగాను. "అమ్మ మెచ్చుకుంటే నేను తప్పులు వెతుకుతానన్నావుగా ఏట్టా. వెళ్ళు, ఈసారి ఆ మెచ్చుకోలు నువ్వు తెచ్చుకో."

అభియేట్టన్ పంచె ఎగగట్టి బావి దగ్గరికి వెళ్ళాడు. ఇద్దరు మామలూ ఒక పిన్నీ చుట్టూ చేరి "గట్టిగా రుద్దు", "అలా కాదురా" అని సలహాలు ఇచ్చారు. ముగ్గురిలో ఏ ఒక్కరూ జన్మలో గుడ్డ ఉతికినవాళ్ళు కారు. మరకలు సగం అలాగే ఉన్నాయి. అలాగే ఆరేశాడు.

అత్తగారు నాతో మాట్లాడటం మానేశారు. మాళుతో చెబుతున్నట్టు చెబుతున్నారు. "మీ అమ్మకి చెప్పు, అన్నం చల్లారిపోతోందని." ఇవాళ పొద్దున్న పాప బకెట్ ఆవిడే తీసుకెళ్ళి బండ దగ్గర కూర్చున్నారు. కాసేపు రుద్ది, "మాళూ, మీ అమ్మని అడుగు, పసుపు మరకకి ఏం చెయ్యాలో" అన్నారు. "ముందు వేడినీళ్ళు పొయ్యకూడదని చెప్పు మాళూ" అన్నాను. ఆవిడ వేడినీళ్ళు పక్కకి పెట్టారు. నేను సాయానికి లేవలేదు. లేవాలనిపించింది, లేవలేదు.

తప్పయిందని ఎవరూ అనలేదు. అంటారని నేనూ కూర్చోలేదు. సెలవు రద్దు చేసుకున్నాను, సోమవారం ఆఫీసుకి వెళ్తున్నాను. మాళు గుడ్డలు పొద్దున్న నేను, సాయంత్రం అభియేట్టన్. ఇంకా అలక తీరలేదు, కానీ ఉతుకుతున్నాడు.

నీ శిశిర


పయ్యన్నూరు,
మకరం 10

శిశిరకు,

ఉత్తరం అందింది. సబ్బు మాట బాగుంది. లేవాలనిపించినా లేవకపోవడం ఇంకా బాగుంది. మెతకబడకు. ఆవిడ మూడు రోజులు ఉతికి నాలుగో రోజు నడుం పట్టేసిందంటుంది. అప్పుడు నీ భర్తను లేపు.

నీ ఉత్తరం మడిచి చేతిసంచీలో పెట్టుకుని నిన్న గ్రామసభకు వెళ్ళాను. అక్కడ కూడా ఇదే గొడవ. చెత్త ఏరే ఆడవాళ్ళు డైపర్లు ముట్టబోమన్నారు, వాళ్ళ మాట న్యాయం. పంచాయతీవాళ్ళు పసిపిల్లలున్న ప్రతి ఇంటికీ గుడ్డ డైపర్లు పంచాలని తీర్మానం తెచ్చారు. మంచిదే. ప్రెసిడెంటు లేచి ఉపన్యాసం ఇచ్చాడు. "మన అమ్మమ్మలు డైపర్లు వాడారా? శుభ్రమైన గుడ్డలు కట్టారు, ఒక్క మరక ఉండేది కాదు. ఆ రోజులు మళ్ళీ రావాలి" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

నేను లేచాను. "ఏ అమ్మమ్మలు?" అన్నాను.

"అందరి అమ్మమ్మలూ, మేడమ్."

"మీ అమ్మమ్మ గుడ్డలు మా అమ్మ చిరుతేయి ఉతికింది. ఆమెను మీ ఇంటివాళ్ళు వణ్ణాత్తి అని పిలిచేవాళ్ళు. మరక లేకపోవడం మీకు తెలుసు. మరక ఎక్కడికి పోయిందో ఎప్పుడైనా అడిగారా?"

సభలో అలాంటి మాట నేను ఎన్నడూ అనలేదు. నేను ఎవరి కూతురినో అక్కడ సగం మందికి తెలియదు. ఇప్పుడు తెలిసింది. అయినా కూర్చోలేదు.

అతను మంచివాడే, మొహం ఎర్రబడింది. "మేడమ్ గుడ్డకు వ్యతిరేకమా?" అని ఎవరో అడిగారు. "కాదు" అన్నాను. "దరఖాస్తు ఇటు ఇవ్వండి." చూశాను. బిడ్డ పేరు, తల్లి పేరు, ఇంటి నంబరు. "ఇంకో గడి గీయండి. ఉతికేవారి పేరు. అందులోనూ తల్లి పేరే రాస్తే ఆ ఇంటికి గుడ్డలు ఇవ్వకండి."

మగవాళ్ళు నవ్వారు. ఆడవాళ్ళు నవ్వలేదు. చెత్త ఏరే ఆడవాళ్ళలో ఒకామె వెనక నుంచి, "గీయండి సార్, ఆ గడి గీయండి" అంది. తర్వాత ఇంకొకామె అంది. గీశారు.

మొదటి దరఖాస్తు ఒక ఆటో డ్రైవరు తీసుకున్నాడు. మూడు నెలల కూతురట. మూడు గడులు చకచకా నింపి, నాలుగో గడి దగ్గర ఆగాడు. కలం మూత పెట్టాడు, తీశాడు. "అమ్మ పేరు రాయొచ్చా మేడమ్, అంటే మా అమ్మ?" అన్నాడు. నేను ఎదుటి కుర్చీలో కూర్చుని అతని వైపే చూశాను. వెనక వరస పెరుగుతోంది. చివరికి తన పేరు రాశాడు. పొడి అక్షరాల్లో రాసి వదిలెయ్యబోతే, ఇంటి పేరుతో సహా పూర్తిగా రాయించి, అప్పుడు పంపాను.

కార్త్యాయని